నేను విన్న నాలుగు నిమిషాలు

మనిషి గురక పెట్టినా అది రికార్డే అని మా ఆఫీసులో చేరిన మొదటిరోజే చెప్పారు. ఫోన్లో పడిందంటే దానికో నంబరు ఇస్తారు, నంబరు ఇచ్చారంటే ఎవరో ఒకరు కూర్చుని మొదట్నుంచి చివరిదాకా వినాలి. ఆ ఎండాకాలం అలా వినాల్సినవాణ్ణి నేను.

ఆఫీసంటే ఒక మేడ మూడో అంతస్తులో పొడుగాటి గది. ఎదురు మేడ మీంచి ఎవరూ మా తెరలు చూడకుండా కిటికీలకు నల్లకాగితం అంటించారు. లోపలికి వెళ్లేముందు మా ఫోన్లు వరండాలో ఉన్న ఇనప అరల్లో పెట్టి తాళం వేసుకోవాలి. కాగితం, పెన్ను లోపలికి తేకూడదు. ఏసీ మాత్రం ధారాళంగా ఇచ్చారు. బయట రోడ్డు మీద తారు కరుగుతుంటే లోపల మేం స్వెట్టర్లు వేసుకుని చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చునేవాళ్లం. ఏ కేసు చూస్తున్నామో ఇంట్లో కూడా చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారు.

మా చేతికొచ్చిన కేసు ఒక జెట్టీది. ఓడరేవులో కట్టిన జెట్టీ ఏడాది తిరక్కుండానే ఒక కొసన కుంగిపోయింది. దాన్ని వాడుకునే విదేశీ ఓడల కంపెనీ, కట్టిన కంపెనీ మీద తగవుకు దిగింది. కోర్టులో కాదు. ఇలాంటి పెద్దపెద్ద కంపెనీలు కోర్టుల చుట్టూ తిరగవు. ఇద్దరికీ సమ్మతమైన ముగ్గురు మధ్యవర్తుల ముందు తేల్చుకుంటాయి. ఆర్బిట్రేషన్ అంటారు దాన్ని. ఆ ముగ్గురు పెద్దలూ మూడు దేశాల్లో ఉంటారు. ఎవరి గదిలో వాళ్లు కూర్చుని తెర మీదే విచారిస్తారు.

వాళ్లకు చూపించాల్సిన సరుకంతా, అంటే కట్టిన కంపెనీవాళ్ల మెయిళ్లు, మెసేజీలు, ఫోన్లలోని రికార్డింగులు, మా దగ్గరికొచ్చిపడింది. మేం ఏ పక్షమూ కాదు. వచ్చినదాన్ని జల్లెడ పట్టి, తగవుకు పనికొచ్చేది ఒకవైపు, మనుషుల సొంత సంగతులు ఒకవైపు వేరు చెయ్యడం మా పని. సొంత సంగతులకు ‘వ్యక్తిగతం’ అని గుర్తు పెడతాం. అలా గుర్తు పెట్టినవన్నీ నెలాఖరున అన్ని ప్రతుల్లోంచీ చెరిపేసి, చెరిపేశామని రెండువైపుల లాయర్లకూ సర్టిఫికెట్ ఇస్తాం. అది చట్టం. మా పైన ఒకావిడ ఉండేది. నోరు తెరిస్తే గడువు తప్ప మరో మాట రాదని ఆవిడకు మేం గడువు మేడమ్ అని పేరు పెట్టుకున్నాం.

“ఒకరి ఇంట్లో ఏడుపు ఇంకొకరి కేసులో సాక్ష్యం కాకూడదు. అందుకే మనమున్నాం” అంది ఆవిడ మొదటిరోజు. గడువు గురించి కాకుండా ఆవిడ చెప్పిన మాట అదొక్కటే. నాకు బాగా నచ్చింది.

చేరేటప్పుడు ఒక ఫారం నింపించారు. ‘ఈ తగవులోని కంపెనీల్లో మీ బంధువులెవరైనా ఉద్యోగులుగా ఉన్నారా?’ అని ఒక ప్రశ్న. కట్టిన కంపెనీ పేరు చూడగానే పెన్ను ఆపాను. మా బావ అక్కడే సర్వేయరు. కానీ కాంట్రాక్టు మీద. పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీదే. ఉద్యోగి అంటే నెలజీతగాడు కదా, బావ ఉద్యోగి ఎలా అవుతాడని నాకు నేనే వకాల్తా పుచ్చుకుని, ‘లేరు’ అన్న గడిలో టిక్కు పెట్టాను. అది నాకు నాలుగో ఉద్యోగం. మూడు నెలలు చూసి పర్మనెంట్ చేస్తామన్నారు. అంతకుముందు ఏ ఉద్యోగమూ నేను ఆర్నెల్లు చెయ్యలేదు. బావ నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి ఆర్నెల్ల ఆఫీసరూ అని పిలిచేవాడు.

మాకొచ్చే ఫైళ్లలో మనుషుల పేర్లుండవు, అవీ దాచాల్సిన సంగతులే కనక. అందరికీ నంబర్లు. మూడో నెలలో నాకు ఏడో నంబరు మనిషి ఫోను అప్పగించారు. రెండువందల పన్నెండు రికార్డింగులు. మొదటిది నొక్కగానే, “ఆఁ, సాయంత్రం అయిదు నలభై. చేతులనిండా బురద, రాయడం మనవల్ల కాదు గనక చెబుతున్నా” అని బావ గొంతు చెవిలో మోగింది.

లేచి చెప్పాల్సింది. గడువు మేడమ్ బల్ల ఆరడుగుల దూరంలో ఉంది. నేను అటు చూశాను కూడా. ఆవిడ ఎవరితోనో ఫోన్లో కోపంగా మాట్లాడుతోంది. ఇప్పుడు కాదులే అనుకున్నాను. నా జీవితంలో నేను పాడుచేసుకున్నవన్నీ ఆ ఒక్క మాటతోనే మొదలయ్యాయి.

పోనీ, అసలు సంగతి చెప్పనా? వినాలనిపించింది. కంపెనీవాళ్లు కొలతలు నమోదు చెయ్యడానికి అందరికీ ట్యాబులిచ్చినా బావకు వాటి మీద నమ్మకం లేదు. సాయంత్రం పని ముగిశాక కంపెనీ ఫోన్లోనే ఆనాటి కొలతలన్నీ తనకు తాను చెప్పుకుంటాడు. చెప్పుకోవడం వరకూ బాగానే ఉంటుంది గానీ ఆపడం గుర్తుండదు. ఆ ఫోను అలా జేబులో తిరుగుతూనే ఉంటుంది. అందుకని ఒక్కో రికార్డింగులో అయిదు నిమిషాలు కొలతలు, అరగంట బావ సంసారం. బస్సులో సీటు కోసం గొడవ, స్నానాల గదిలో శ్రుతి లేని పాట, దోమల్ని తిట్టడం. ఒకదాంట్లో నేనూ ఉన్నాను. కుక్కర్ మూత తియ్యలేక అవస్థ పడుతుంటే బావ పకపకా నవ్వుతున్నాడు. నేను ఆ ఏసీ గదిలో ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే పక్కసీటమ్మాయి వింతగా చూసింది.

నూట నలభై మూడోది అలా లేదు.

“పద్నాలుగో స్తంభం. నేలలోకి పద్దెనిమిది మీటర్లు దిగాలి. పదకొండు దగ్గర ఆపేశారు.” తర్వాత ఊపిరి మాత్రం వినిపిస్తోంది. “కొలతల షీటులో పద్దెనిమిది అని ఉంది. కింద నా సంతకం ఉంది.”

కుంగింది ఆ పద్నాలుగో స్తంభం దగ్గరే. బావ తప్పుడు కొలతకు సంతకం పెట్టాడా? వెనక్కి జరిపి మళ్లీ విందామనుకుంటుండగా తలుపు తీసిన చప్పుడు, ఆ వెంటనే అక్క గొంతు.

“హాస్పిటల్ నుంచి వచ్చానండీ.” తలుపు మూసిన చప్పుడు. “ఈసారి కూడా నిలవలేదు” అంది. ఏడుస్తోంది. అక్క కడుపుతో ఉందని కూడా నాకు తెలియదు. “తమ్ముడికి చెప్పకండి. వాడు బెంగపెట్టుకుంటాడు” అంది.

నేను ఆపేశాను. నాలుగు నిమిషాలయింది అప్పటికి. రికార్డింగు మొత్తం ముప్పై ఎనిమిది నిమిషాలు.

మా అక్క నాకు చెప్పవద్దన్న మాట నేను దొంగచాటుగా విన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అది నిజం. బావ సంతకం సంగతి ఎవరి చెవినా పడకూడదనుకున్నాను. అదీ నిజమే. రెండిట్లో ఏది ముందో ఇవాళ్టికీ నేను తేల్చుకోలేదు. మొత్తం ఫైలును ఒకేసారి ఎంచుకునే గడి ఒకటుంటుంది తెర మీద. దాన్ని నొక్కి, రెండువందల పన్నెండిటికీ ‘వ్యక్తిగతం’ అని గుర్తు పెట్టాను. ఒక్క క్షణం పని. తర్వాత కాఫీ తాగడానికి వెళ్లాను.

నెలాఖరు మంగళవారమైంది. దానికి రెండురోజుల ముందు ఆదివారం, ఎప్పట్లాగే అక్కావాళ్లింటికి భోజనానికి వెళ్లాను. చెప్పులు విప్పుతుండగానే బావ మొదలుపెట్టాడు.

“రావోయ్ ఆర్నెల్ల ఆఫీసరూ. ఇంకా ఉంచారా, పంపేశారా?”

“వచ్చేనెల పర్మనెంట్ చేస్తారు బావా.”

“అయితే ఆ కంపెనీ మూతపడబోతోందన్నమాట” అని నవ్వాడు. అక్క గరిటెతో కొట్టబోయింది. నేను అక్క మొహంలోకి సూటిగా చూడలేకపోయాను. మామూలుగానే ఉంది. వడ్డించింది, నేను చిక్కిపోయానంది, పెళ్లి చేసుకోమంది.

భోజనాలయ్యాక అక్క గిన్నెలు సర్దడానికి వెళ్లగానే బావ మంచం మీద వాలి, మామూలు సంగతి చెబుతున్నట్టే చెప్పాడు.

“మా జెట్టీ తగవులో నన్ను విచారణకు పిలిచారు. వచ్చేనెల. ఇంట్లోంచే, కంప్యూటర్ ముందు కూర్చోవడమేనట. తప్పుడు లెక్కలన్నీ నేనిచ్చినవే అంటోంది మావాళ్ల కంపెనీ. అదే తేలితే నా లైసెన్సు పోతుంది. మళ్లీ టేపు పట్టుకుని ఎక్కడా నిలబడనివ్వరు.”

“నువ్విచ్చావా?”

“పిచ్చా? నేను పదకొండనే ఎక్కించాను. ఆ ట్యాబుంది చూశావూ, అందులో మన సంతకం ఒక్కసారి పెట్టించుకుని దాచేస్తుంది. ఆ తర్వాత షీటు ఎవరు తెరిచి ఏం మార్చినా కింద అదే పడిపోతుంది. సైటు మేనేజరు మార్చాడు. ఆ సాయంత్రమే ఫోన్ చేసి అడిగాను. ‘నేనే మార్చాను, పై నుంచి చెప్పారు, నువ్వు నోరుమూసుకో’ అన్నాడు.”

“అన్నాడని ఎవరు నమ్ముతారు బావా?”

“నమ్మడమెందుకు, వింటారు. నాకు రోజూ ఫోన్లో చెప్పుకునే అలవాటుందిగా. ఆ రోజు దాన్ని ఆపడం మర్చిపోయాను. మేనేజరు నంబరు మీ అక్క ఫోను నుంచి కలిపి స్పీకర్లో పెట్టి మాట్లాడాను. మొత్తం పడింది అందులో. మావాళ్లు ఫోను తీసేసుకుని అంతా తుడిచి ఇచ్చారనుకో. కానీ కాపీ ముందే ఆ లాయర్ల దగ్గరికి వెళ్లిపోయింది. దాన్ని వినడానికే మనుషుల్ని పెడతారట. ఓపికగా చివరిదాకా వినేవాడు ఒక్కడు తగిలితే చాలు, నేను గట్టెక్కినట్టే.”

అని కళ్లు మూసుకున్నాడు. నిశ్చింతగా, అయిదు నిమిషాల్లో గురక కూడా పెట్టాడు.

సోమవారం పొద్దున్న గడువు మేడమ్ బల్ల దగ్గరకు వెళ్లి నిలబడ్డాను.

“మేడమ్, ఒకదానికి వ్యక్తిగతమని పెట్టాక మార్చాలంటే?”

ఆవిడ తలెత్తలేదు. “కారణం రాసివ్వాలి. ముందు ఎందుకు పొరపాటు పడ్డావ్, ఇప్పుడెలా తెలిసింది. రెండువైపుల లాయర్లకూ వెళ్తుంది. వాళ్లు ఒప్పుకుంటే ఇంకొకరు కూర్చుని ఆ ఫైలంతా మళ్లీ వింటారు. రేపు సాయంత్రం ఆరుకు చెరిపేత. ఆ లోపల ఇవ్వాలి. ఎందుకు, ఉందా ఏదైనా?”

“ఊరికే అడిగానండి.”

సీటుకొచ్చి రాయడం మొదలుపెట్టాను. ‘నూట నలభై మూడో రికార్డింగును పూర్తిగా వినలేదు.’ అంతవరకూ వచ్చింది. పూర్తిగా వినకుండా గుర్తు పెట్టడమంటే మా దగ్గర ఆ రోజే ఇంటికి పంపే తప్పు. ఎంతసేపు విన్నామో మెషీన్ రాసుకుంటూనే ఉంటుంది, అడిగేవాడుంటే చూపిస్తుంది. ఇక ‘ఇప్పుడెలా తెలిసింది’ అన్నచోట ఏం రాయను? భోజనం చేస్తూ బావ చెప్పాడని రాయనా? పోనీ అబద్ధమాడదామన్నా, వేరేవాళ్లు విన్నారంటే కుక్కర్ దగ్గర నా గొంతుంది. టిక్కు పెట్టిన ఫారం ఉంది.

మంగళవారం మధ్యాహ్నం మూడుకు ఆ కాగితం నా తెర మీద మూడు లైన్లతో ఉంది. నాలుగుకూ అవే మూడు లైన్లు. ట్యాబులో ఎవరు మార్చారో ఎక్కడో నమోదై ఉండదా, అది చూసుకుంటారులే అనుకున్నాను. బావ నోటిమాట చాలదా, ముగ్గురు పెద్దమనుషులు ఆమాత్రం కనిపెట్టలేరా అనుకున్నాను. మనిషి తనకు కావాల్సినప్పుడు ఎదుటివాళ్లకు ఎంత తెలివి అంటగడతాడో! ఆరు కొట్టాక గది చివరి మెషీన్ మీద పచ్చలైటు వెలిగింది. గడువు మేడమ్ సర్టిఫికెట్ మీద సంతకం చేసి, “అందరూ గడువులోపల ముగించారు, సంతోషం” అంది. నా ఉద్యోగం పర్మనెంటయిన ఉత్తరం ఆ శుక్రవారం ఇచ్చారు.

అక్క మిఠాయి పెట్టె కొని అందరికీ పంచింది. బావ నా భుజం మీద చెయ్యేసి, ఇక నుంచి ఉత్త ఆఫీసరువే అన్నాడు.

విచారణ జూన్ చివర్లో జరిగింది. ఫైళ్లన్నీ నాకు కొట్టినపిండని, విచారణ జరుగుతుండగా అడిగిన కాగితాన్ని అడిగినట్టు తెర మీద పెట్టే పని నాకే అప్పగించారు. నా కెమెరా కట్టేసి ఉంటుంది. నా పేరున్నచోట ‘ఆపరేటర్’ అని మాత్రం ఉంటుంది. ఇష్టం లేదని చెప్పే వీలుంది. చెబితే ఎందుకని అడుగుతారు.

తెర మీద మొహాలున్న గళ్లు ఆరు, వాటి కింద దుభాషిదీ నాదీ నల్లటి గళ్లు రెండు. ముగ్గురు మధ్యవర్తులు, ఇద్దరు లాయర్లు, చివరి గడిలో మా బావ. షీట్ల మీద సంతకం చేసిన మనిషిని మేమే అడుగుతామని మధ్యవర్తులు ఆయన్ని పిలిపించారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తల నున్నగా దువ్వాడు. వెనకాల అక్క కుట్టిన కర్టెను. విచారణ ఇంగ్లీషులో, బావకు అది అంతంతమాత్రం. ఒక దుభాషి అటు మాట ఇటూ ఇటు మాట అటూ చెబుతున్నాడు.

“పద్నాలుగో స్తంభం షీటు చూపించండి” అన్నాడు కంపెనీ లాయరు. పెట్టాను. “కింద సంతకం దగ్గర పెద్దది చెయ్యండి.” చేశాను. “దాని చుట్టూ పసుపు రంగు పెట్టండి.” పెట్టాను. బావ సంతకం ముగ్గురు పెద్దల కళ్లముందు అరచెయ్యంత అయింది.

“ఇది మీదేనా?”

“సంతకం నాదేనండి. అంకె నాది కాదు” అన్నాడు బావ. ట్యాబు ఎలా పనిచేస్తుందో, మేనేజరు ఏమన్నాడో అంతా వివరంగా చెప్పాడు. తొణక్కుండా చెప్పాడు. దుభాషి కూడా బాగా చెప్పాడు. నడిమి గడిలో ఉన్న పెద్దాయన, మధ్యవర్తులందరికీ అధ్యక్షుడు, శ్రద్ధగా రాసుకున్నాడు. షీటు ఎవరు మార్చారో ట్యాబులో నమోదై ఉంటుంది కదా అని లాయర్ని అడిగాడు.

“ఆరునెలలు దాటినవి ఉంచమండి. ఉద్యోగుల సమాచార రక్షణ కోసం మా కంపెనీ పెట్టుకున్న నియమం.”

“పోనీ, నా ఫోన్లో ఉంది” అన్నాడు బావ, మాట ఇంకా దుభాషి నోట్లో ఉండగానే. “మీ దగ్గరున్న కాపీలో ఆ సాయంత్రానిది ఉంటుంది. మేనేజరు మాటలు అందులో ఉన్నాయి. ఒక్కసారి వినిపించండి చాలు.”

కంపెనీ లాయరు చిన్నగా దగ్గాడు. “ఈయన వ్యక్తిగత రికార్డింగులన్నిటినీ ఒప్పందం ప్రకారం చెరిపేశారు. ఈయన హక్కుల్ని కాపాడటానికే.”

దుభాషి చెప్పింది విని బావ తెరకు దగ్గరగా వంగాడు. “నా హక్కులా? నన్నెవరూ అడగలేదే” అన్నాడు.

అధ్యక్షుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకు ఎక్కడో తేడాగా అనిపించిందని నాకు తెలిసింది. “ఆపరేటర్, ఏడో నంబరు సాక్షి రికార్డింగుల్లో ఏదైనా మిగిలి ఉందా? చూసి మీరే చెప్పండి” అన్నాడు.

చూడాల్సిన పనేముంది? అయినా జాబితా కిందికీ పైకీ జరిపాను. తర్వాత మైకు తెరిచి ఇంగ్లీషులో చెప్పాను, ఏమీ లేదండి, అన్నీ వ్యక్తిగతమని తీసేశారని. ‘తీసేశారు’ అన్నాను. తీసేశానని అనలేదు.

బావ తలెత్తాడు. దుభాషి ఇంకా నోరు తెరవలేదు. బావకు ఆ భాష అంతగా రాకపోతేనేం, ఆ గొంతు తెలుసు. పదమూడేళ్లుగా ఆ గొంతును ఏడిపిస్తున్నాడు. తెర మీద ఆరు మొహాల్లోనూ వెతికి, కెమెరా లేని నా నల్లటి గడి దగ్గర ఆగాడు.

“సాక్షి ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?” అని అడిగాడు అధ్యక్షుడు.

బావ నా గడివైపే చూస్తున్నాడు. మొహంలో కోపం లేదు. లెక్క సరిపోనప్పుడు మళ్లీ మొదట్నుంచి వేసుకునేవాడి మొహంలా ఉంది. ఆ తర్వాత కళ్లు దించేశాడు.

“ఏం లేదండి” అన్నాడు.

ఆ వారమంతా నేను ఆ ఇంటివైపు పోలేదు. ఆదివారం అక్కే ఫోన్ చేసి, రాకపోతే ఊరుకోనని తిట్టింది. వెళ్లేసరికి బావ డాబా మీద బట్టలు ఆరేస్తున్నాడు. నేనూ బకెట్టులోంచి ఒక దుప్పటి తీసి రెండో కొస పట్టుకున్నాను. ఎండ నెత్తిన మండుతోంది. ఇద్దరం దాన్ని పిండి, దులిపి, తీగ మీద వేశాం.

“నువ్వేనా?” అన్నాడు, క్లిప్పు పెడుతూ.

“నేనే బావా.”

“ఆపరేటరువి మాత్రమేనా, వినడం కూడా నువ్వేనా?”

“వినడం కూడా నేనే.”

ఆయన చెయ్యి తీగ మీద అలాగే ఉండిపోయింది. “మొత్తం విన్నావా?”

“నాలుగు నిమిషాలు.” దుప్పటి కొస సరిచేశాను. “సంతకం సంగతి విని భయపడ్డాను. అంతలో అక్క వచ్చింది. హాస్పిటల్ మాట చెప్పింది. అక్కడ ఆపేశాను. మిగతాది వినలేదు బావా. నువ్వు చెప్పాకయినా తిరిగి అడగొచ్చు. రెండురోజుల టైముంది. అడగలేదు.”

బావ బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. కొడతాడేమోనని చూశాను. కొడితే బాగుండుననిపించింది.

“మీ అక్క ఏడుపు దగ్గర ఆపేశావన్నమాట” అన్నాడు చివరికి. “పోన్లే. అది నువ్వు వినాల్సింది కాదు.”

“నన్ను తిట్టు బావా.”

“తిడితే నా లైసెన్సొస్తుందా?”

“మరి ఆ రోజెందుకు ఊరుకున్నావ్? నా బావమరిది గొంతని ఒక్క మాట అనుంటే…”

“అంటే? చెరిపేసింది తిరిగొచ్చేదా? నాది ఎలాగూ పోయింది. నీదీ పోయేది. తన తమ్ముడి చేతుల్లోనే ఇలా జరిగిందని మీ అక్కకు తెలిస్తే, అది బతికినన్నాళ్లూ దానికి మనశ్శాంతుంటుందా?” లేచి నా వీపు మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తడిగా ఉంది. “దానికి చెప్పకు. నీ ఉద్యోగం నువ్వు చూసుకో. ఇంట్లో ఒక్కడన్నా నిలబడనీ.”

కింద నుంచి అక్క భోజనానికి పిలిచింది. బావ ముందు దిగాడు.

బావకు ఒక సంగతి తెలియదు. చెరిపేసింది తిరిగిరాదన్నాడు, నిజమే. కానీ వినేవాడు సాక్షికి బంధువని, చివరిదాకా వినకుండానే సాక్ష్యం పోగొట్టాడని తెలిస్తే అధ్యక్షుడు విచారణ అక్కడే ఆపేసేవాడు. నన్ను పిలిచి అడిగేవాడు. నేను విన్న పదకొండు మీటర్ల మాట, మెషీన్ రాసుకున్న నాలుగు నిమిషాలు, నేను టిక్కు పెట్టిన ఫారం, అన్నీ బయటికొచ్చేవి. ఆ షీటు మీది సంతకాన్ని పట్టుకుని ఎవరూ ఏమీ తేల్చలేకపోయేవారు. రికార్డింగు లేకపోయినా నేను ఉన్నాను. మా ఆఫీసులో చేరిన మొదటి వారంలోనే మాకు ఇదంతా నేర్పారు. బావ మెట్లు దిగుతుంటే నాకివన్నీ వరసగా గుర్తొచ్చాయి. పిలిచి చెప్పలేదు.

తర్వాత తీర్పు వచ్చింది. తప్పుడు కొలత సర్వేయరుదేనని రాశారు. లైసెన్సు తీసేశారు. బావ ఇప్పుడు ఒక టైల్సు దుకాణంలో జనాల వంటగదులు కొలుస్తున్నాడు. అక్కావాళ్లు ఇల్లు మారారు. అదంతా తర్వాత సంగతి. ఆ డాబా మీద మేమిద్దరం దుప్పటి ఆరేసిన రోజుకి తీర్పు రావడానికి ఇంకా నలభై రోజులున్నాయి. అధ్యక్షుడికి ఒక ఉత్తరం రాస్తే సరిపోయేది. ఆ నలభై రోజులూ నేను ఆఫీసుకు వెళ్లాను. ఒక్కరోజు కూడా ఆలస్యంగా వెళ్లలేదు.